నాయనమ్మ రాట్నం, గవర్రాజు భాగహారం

గవర్రాజు దగ్గర అక్షరాలా పద్దెనిమిది వేల నాలుగు వందల రూపాయలున్నాయి. ఇరవై మూడేళ్ళకే సొంతంగా దోసెల పిండి వ్యాపారం పెట్టి, ఇల్లిల్లూ తిరిగి ప్యాకెట్లు అమ్మి, పద్నాలుగు నెలల్లో వెనకేసిన డబ్బు అది. ఆ డబ్బుతో దసరా సెలవుల్లో ఇంటిల్లిపాదినీ ‘కేరింతల లోకం’ తీసుకెళ్ళాలని అతని ప్లాను. కేరింతల లోకం అంటే గుంటూరు దాటాక హైవే పక్కన కొత్తగా కట్టిన ఆటల పార్కు.

మండపేటలో తెలివైన కుటుంబం ఏదని మీరెవర్నీ అడగక్కర్లేదు. వాళ్ళింటి ముందు నుంచి నడిస్తే చాలు, వాళ్ళే పిలిచి చెబుతారు. చెప్పింది చెప్పినట్టు చెయ్యడం, రాసింది రాసినట్టు నమ్మడం, ఇదీ వాళ్ళ తెలివి. నాలుగేళ్ళ క్రితం వాళ్ళ గేటుకి రంగేసిన పెయింటరు ‘తడి రంగు, ముట్టుకోవద్దు’ అని అట్టముక్క కట్టి వెళ్ళాడు. దాన్ని తీసెయ్యమని అతను చెప్పలేదు. అంతే, ఆ రోజు నుంచి ఇంటిల్లిపాదీ గోడ దూకి తిరుగుతున్నారు. నాయనమ్మ సీతారత్నం మోకాళ్ళు అందుకే అరిగిపోయాయి.

తండ్రి భీమరాజు ఇంటి పెద్ద. తల్లి వరహాలు వంట మనిషి కన్నా ఎక్కువ. అన్నం మూడు కూతలకి దించాలని ఎవరో చెప్పారు కాబట్టి, పక్కింటి కుక్కరు కూసినా లెక్కలో వేసుకుని దించేస్తుంది. ఆ ఇంట్లో అన్నం నమలడానికి గంట పడుతుంది. వరహాలు తమ్ముడు కోటిలింగం తొమ్మిదేళ్ళ క్రితం చుట్టపుచూపుగా వచ్చాడు. “నేను చెప్పేదాకా కదలకు తమ్ముడూ” అంది అక్క. ఆవిడ మరి చెప్పడం మర్చిపోయింది. అతను కదల్లేదు. ఆఖరిది చెల్లెలు మంగతాయారు, ఏడో తరగతి. ఎక్కడ బోర్డు కనపడినా పైకి చదవడం ఆ పిల్ల డ్యూటీ.

ఇక గవర్రాజు సంగతి. అతను లెక్కల్లో పులి. ఒక మనిషి ఆరు రోజుల్లో తవ్వే గొయ్యిని ఆరుగురు ఒక్క రోజులో తవ్వుతారని చిన్నప్పుడు మాస్టారు చెప్పారు. ఆ లెక్కకి గవర్రాజుకి నూటికి నూరు వచ్చాయి. అప్పటినుంచి ప్రపంచంలో అతనికి అర్థం కానిదంటూ లేదు. ఒక గిన్నెలో పిండి పులవడానికి ఎనిమిది గంటలు పడితే, ఎనిమిది గిన్నెల్లో పోస్తే గంట చాలు! అలా పులిసీ పులవని పిండిని ప్యాకెట్లు కట్టి అమ్ముతాడు. పులుపు పడనివాళ్ళు ఊరినిండా ఉన్నారు కాబట్టి వ్యాపారం నడిచింది. దాన్ని అతను తన లెక్క గొప్పతనం అనుకున్నాడు.

ఈ ప్రయాణం నాయనమ్మ కోసం. ఆవిడ పన్నెండేళ్ళ పిల్లప్పుడు తిరనాళ్ళలో రాట్నం ఎక్కబోతుంటే, సరిగ్గా ఆవిడ వంతు వచ్చేసరికి ఇరుసు విరిగింది. తర్వాత పెళ్ళి, పిల్లలు, పొయ్యి. అరవై రెండేళ్ళు గడిచిపోయాయి.

“ఒరే గవర్రాజూ, పైకెళ్ళి కిందికి ఒక్కసారి చూడాలిరా. కిందనుంచి పైకి చూసీ చూసీ మెడ పట్టేసింది” అంటుంది ముసలావిడ.

దసరా వెళ్ళగానే ఆవిడ మోకాళ్ళకి ఆపరేషన్. ఆ తర్వాత ఆర్నెల్లు మంచం దిగకూడదన్నాడు డాక్టరు. డెబ్భై నాలుగేళ్ళ మనిషికి ఆర్నెల్ల తర్వాత సంగతి ఎవరు చెప్పగలరు? ఎక్కితే ఈ సెలవుల్లోనే ఎక్కాలి.

గవర్రాజు పార్కుకి ఫోన్ చేశాడు. ఇంటిల్లిపాదీ చుట్టూ చేరారు.

“అమ్మా, మీ దగ్గర రాట్నం ఉందాండీ? మా ముసలి నాయనమ్మ ఎక్కాలి.”

“జెయింట్ వీల్ ఉంది సార్. నూట ముప్పై అడుగులు” అంది అవతలి అమ్మాయి. “కానీ స్కూళ్ళ సెలవులు కదా, రద్దీ ఎక్కువ. వీల్ దగ్గర మూడు గంటలు క్యూలో నిలబడాలి. పెద్దావిడ అంటున్నారు, సెలవులయ్యాక రండి. ఖాళీగా ఉంటుంది.”

గవర్రాజు ఫోన్ మూసి విషయం చెప్పాడు.

“ఖాళీగా ఉంటుందా?” భీమరాజు తేలిగ్గా నవ్వాడు. “ఖాళీ చోటుకి మనిషికి పదిహేను వందల యాభై ఎందుకిస్తామురా? జనం తొక్కుకుంటున్నారంటేనే అక్కడేదో ఉన్నట్టు.”

“బావ మాటంటే మాటే” అన్నాడు కోటిలింగం.

“మరి మూడు గంటలు అత్తయ్య నిలబడగలదా?” వరహాలుకి బెంగ పట్టుకుంది.

“అమ్మా, ఒక మనిషికి మూడు గంటలు” అన్నాడు గవర్రాజు, గాలిలో వేలితో భాగహారం చేస్తూ. “మనం ఆరుగురం. అంటే అరగంట!”

అందరూ చప్పట్లు కొట్టారు. అరగంటైనా అలవాటు లేని పని కదా, రోజూ సాయంత్రం సాధన చేద్దామన్నాడు భీమరాజు. ఇంకేముంది! అయిదింటికల్లా ఆరుగురూ గోడ దూకి, వీధిలో ఒకరి వెనక ఒకరు నిలబడ్డారు. ముందు నాయనమ్మ, చివర కోటిలింగం.

రెండు నిమిషాలైంది. చేతిసంచీతో పోతున్న ఒకాయన ఆగాడు.

“ఏమిస్తున్నారండీ?” అని కోటిలింగాన్ని అడిగాడు.

“ముందువాళ్ళకి తెలుసండి. నేను చివరోణ్ణి.”

“చివర మీరు కాదు, నేను” అని ఆయన వెనకాల నిలబడ్డాడు. ఆయన్ని చూసి ఇద్దరు, ఆ ఇద్దర్ని చూసి పదిమంది. పావుగంటలో వరస వీధి మలుపు తిరిగింది. ఒకావిడ ఆధార్ కార్డు జిరాక్సులు పట్టుకొచ్చింది. ఇంకొకాయన ఫొటోలు కూడా అడుగుతారేమోనని కొడుకుని స్టూడియోకి పరిగెత్తించాడు. “మా వార్డుకి నిన్ననే ఇవ్వాలి, పెద్దవాళ్ళు మింగేశారు” అని ఒకడు గొంతు చించుకున్నాడు. ఏది మింగేశారో అతనికీ తెలీదు. తెలివితక్కువ వాళ్ళని ఊరు ఆ కుటుంబాన్ని వెక్కిరించేది. ఆ సాయంత్రం ఊరు వాళ్ళ వెనకే నిలబడింది.

సరిగ్గా అరగంట కాగానే గవర్రాజు “అయిపోయింది” అన్నాడు. ఆరుగురూ గోడ దూకి ఇంట్లోకి వెళ్ళారు. అంతే, వరస మొత్తం గోడ దూకింది! లావుపాటి వాళ్ళని సన్నటి వాళ్ళు ఎత్తారు. ముందు గదిలోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి పెరట్లోకి, పెరటి గోడ మీంచి పక్క వీధిలోకి. వరహాలు వచ్చినవాళ్ళ నుదుట బొట్టు పెట్టి మంచినీళ్ళిచ్చింది. ఫ్రిజ్ పక్కన పేర్చిన పిండి ప్యాకెట్లు చూసి, ఇవే కాబోలని తలా ఒకటి పట్టుకుపోయారు. నలభై మూడు ప్యాకెట్లు! ప్యాకెట్లు దొరకనివాళ్ళు మర్నాడు వస్తామని బెదిరించి వెళ్ళారు.

“ఒరే, మొత్తం పోయింది కదరా!” అన్నాడు భీమరాజు.

“ఎక్కడ పోయింది నాన్నా? నలభై మూడు ఇళ్ళకి మన పిండి చేరింది. దుకాణం పెట్టకుండానే నలభై మూడు మంది ఖాతాదారులు!” అన్నాడు గవర్రాజు. అతని హుషారు అలాంటిది. కాలు జారి కాలవలో పడ్డా, ఈత నేర్చుకున్నానని లేచే రకం.

ప్రయాణం రోజు వచ్చింది. పార్కు వాళ్ళు ఫోన్‌కి పంపిన సూచనలు మంగతాయారు గట్టిగా చదివింది. “మీకు అత్యంత విలువైన వాటిని ఇంటి వద్దనే వదిలి రండి.”

అందరూ నాయనమ్మ వైపు చూశారు.

“ఈ ఇంట్లో మా అమ్మ కన్నా విలువైంది ఏముంది?” భీమరాజుకి కళ్ళనీళ్ళు తిరిగాయి. “అమ్మా, నువ్వు ఇంటి దగ్గరే ఉండాలే.”

కోటిలింగం తాళం చెవి తీశాడు. ముసలావిడ కొంగు బిగించింది.

“ఎవడ్రా నన్ను విలువైందన్నది? పనికిరాని ముసలిదాన్ని. నిన్న మీ ఆవిడే అంది, నేను విన్నాను. ఏమే వరహాలూ, అన్లేదా?”

“అన్నాను అత్తయ్యా” అంది వరహాలు నిజాయితీగా.

“మరింకేం, బయల్దేరండి” అన్నాడు భీమరాజు. అందరి ప్రాణాలూ కుదుటపడ్డాయి. వరహాలు ఆ మాటన్నందుకు అత్తగారు దారంతా ఆవిడని మెచ్చుకుంటూనే ఉంది.

తెల్లవారుజామున నాలుగింటి బస్సు. “ఆరు గంటల ప్రయాణమండి” అన్నాడు కండక్టరు.

గవర్రాజు నవ్వుకున్నాడు. పాపం, చదువుకోనివాడు. ఒక్కరికైతే ఆరు గంటలు. ఆరుగురికి?

సరిగ్గా అయిదింటికి లేచి “ఆపండి ఆపండి, మాది వచ్చేసింది!” అని అరిచాడు. ఆరు టికెట్లకి ఆరు గంటల డబ్బు తీసుకున్న కండక్టరు, వాళ్ళు గంటకే దిగిపోతుంటే వారించలేదు. ఎవరి స్థలంలో ఎవర్ని కూర్చోబెట్టాలో అప్పటికే చూసుకుంటున్నాడు.

దిగిన చోట హైవే పక్కన లారీల కాటా ఉంది. అంటే లారీని సరుకుతో సహా తూచే పెద్ద ఇనప పళ్ళెం. అప్పుడే ఒక ఇటుకల లారీ దాని మీంచి దిగింది. పళ్ళెం గడగడమని అదిరింది.

“అదిగో ఆట!” అంది మంగతాయారు. ఆరుగురూ ఎక్కి నిలబడ్డారు. నాయనమ్మ కళ్ళు మూసుకుంది. కొంతసేపటికి ఒక కన్ను తెరిచింది.

“ఒరే, పైకెళ్ళిందంటావా?”

“కొంచెం కొంచెంగా వెళ్తుంది నాయనమ్మా. నూట ముప్పై అడుగులు కదా.”

కాటా గుమాస్తా గదిలోంచి ఊడిపడ్డాడు. “ఎవరండీ మీరు? దిగండి, వెనక లారీలాగాయి!”

“టికెట్ ఎంతండీ?” అన్నాడు గవర్రాజు.

గుమాస్తా ఒక్క క్షణం ఆలోచించాడు. “యాభై” అన్నాడు.

“చూశావా అమ్మా, పదిహేను వందలన్నారు, యాభైకే వచ్చింది!” అన్నాడు గవర్రాజు. గుమాస్తా చీటీ ఇచ్చాడు. మూడు వందల నలభై కిలోలు. భీమరాజు దాన్ని కళ్ళకద్దుకుని జేబులో పెట్టుకున్నాడు.

“దీనికేనా లోకమంతా కొట్టుకుంటోంది?” అంది నాయనమ్మ. గొంతులో ఏదో వెలితి.

కేరింతల లోకం ఇంకా ఎంతుందో గుమాస్తా చెప్పాడు. మరో అయిదు గంటలు. గవర్రాజు మొహం ముడుచుకుపోయింది. లెక్క తప్పదు. తప్పితే మనుషులే తప్పాలి.

“బస్సులో ఎవరైనా నిద్రపోయారా?” అని నిలదీశాడు.

మంగతాయారు తల దించుకుంది. కోటిలింగం కాళ్ళతో నేల గీశాడు.

“అదీ సంగతి! గొయ్యి తవ్వేటప్పుడు ఇద్దరు పడుకుంటే గొయ్యి ఎలా అవుతుంది? అసలు అందరం కూర్చున్నాం. బస్సొక్కటే నడిచింది. ఒక్కటే పని చేస్తే ఆరు గంటలే కదా పట్టేది!”

ఇంకేముంది, మళ్ళీ ఆరు టికెట్లు కొని ఇంకో బస్సెక్కారు. ఎవరూ కూర్చోలేదు. సీట్ల మధ్య దారిలో ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి ఆరుగురూ నడక మొదలుపెట్టారు. నాయనమ్మ భీమరాజు భుజం పట్టుకుని కుంటుతోంది.

“ఏంటమ్మా ఈ తిరుగుడు? కూర్చోండి!” అన్నాడు కండక్టరు.

“త్వరగా వెళ్ళాలి బాబూ” అంది వరహాలు, మలుపు తిరుగుతూ.

“మీరు నడిస్తే బస్సు త్వరగా వెళ్తుందా?”

“మరి మీరు కూర్చుంటే వెళ్తుందా?” అని ఎదురడిగాడు కోటిలింగం. కండక్టరు లేచి నిలబడ్డాడు. ఆ మాటలో ఎక్కడో న్యాయం ఉందనిపించిందతనికి.

ఎంత నడిచినా అయిదు గంటలూ పట్టింది. పార్కు ముందు దిగేసరికి నాయనమ్మ మోకాళ్ళు వాచిపోయాయి. గవర్రాజు మాత్రం పాఠం నేర్చుకున్నాడు. గొప్పవాళ్ళంతా అంతే, దెబ్బ తింటే నేర్చుకుంటారు. “ఇకనుంచి భాగహారం లేదు. ఎన్ని గంటలన్నారో అన్ని గంటలు. నిమిషం తగ్గకూడదు” అని ప్రకటించాడు.

గేటు దగ్గర జనసముద్రం. రాష్ట్రంలో స్కూలుకెళ్ళే ప్రతి పిల్లా అక్కడే ఉన్నట్టుంది. సెక్యూరిటీ గార్డు సంచులు వెతుకుతున్నాడు.

“బయటి తిండి లోపలికి తేకూడదు” అని బోర్డు చదివింది మంగతాయారు.

భీమరాజు పులిహోర డబ్బా తీసి గార్డు ముందు పెట్టాడు. తర్వాత మెల్లగా దగ్గరికి జరిగి, “అయ్యా, దాచి లాభం లేదు. పొద్దున్న దారిలో నాలుగేసి ఇడ్లీలు తిన్నాం. అవి లోపలే ఉన్నాయి” అన్నాడు.

“లోపలంటే?”

భీమరాజు పొట్ట చూపించాడు. “మా అమ్మ రెండే తిందండి. ఆవిణ్ణి వదిలెయ్యండి.”

గార్డు పొద్దున్నుంచి రెండు వేలమందిని చూసి ఉన్నాడు. అతనికి ఓపిక అడుగంటింది. “వెళ్ళండి సామీ, వెళ్ళండి! జనంలో తప్పిపోతారు జాగ్రత్త. ఆరుగురూ ఒక్క మనిషిలా కలిసి నడవండి” అని లోపలికి నెట్టాడు. ఆ చివరి మాట గవర్రాజు బుర్రలో భద్రంగా కూర్చుంది.

లోపల సరిగ్గా పన్నెండింటికి జెయింట్ వీల్ వరసలో నిలబడ్డారు. తలెత్తితే చక్రం మేఘాల్ని గోకుతున్నట్టుంది. నాయనమ్మ నోరు తెరుచుకుని అలా ఉండిపోయింది.

“అమ్మో! ఎంతుందిరా! అక్కణ్ణుంచి మన మండపేట కనపడుతుందంటావా?”

“మన గేటు కూడా కనపడుతుంది నాయనమ్మా.”

“రంగు ఆరిందో లేదో చూసొస్తాను” అంది ఆవిడ.

ఎండలో వరస కదిలింది. ముందు నిలబడ్డ పిల్లలు ఏడ్చారు, తల్లులు కొట్టారు, తండ్రులు ఫోన్లు చూసుకున్నారు. లోపల అమ్మే భోజనం ఆరుగురికీ పదమూడు వందల ఇరవై. తిన్నాక కూడా ఆకలి ఉన్నచోటే ఉంది. నాయనమ్మ ఒక్కసారి కూడా కూర్చోలేదు. పైకి చూస్తూనే ఉంది.

వాళ్ళ వంతు వచ్చింది. ఎర్రటి తొట్టె వచ్చి కాళ్ళ ముందు ఆగింది. వీల్ నడిపే అతను గొలుసు తీసి, “రా అవ్వా, చెయ్యివ్వు” అన్నాడు. నాయనమ్మ చెయ్యి చాచింది. కుడికాలు ఎత్తింది.

గవర్రాజు గడియారం చూసుకున్నాడు.

“ఆగు నాయనమ్మా! రెండుంబావే అయ్యింది!”

“అయితే?” అన్నాడు వీల్ నడిపే అతను.

“మూడు గంటలు నిలబడాలన్నారండి మీవాళ్ళు. మేం రెండుంబావే నిలబడ్డాం. ఇంకా ముప్పావుగంట బాకీ ఉంది.”

“ఆ బాకీ నేను మాఫీ చేశాను, ఎక్కండి బాబూ!”

“అలా దొడ్డిదారిన ఎక్కే కుటుంబం కాదండి మాది” అన్నాడు భీమరాజు రొమ్ము విరిచి.

“ఒరే, కాలు ఎత్తేశానురా” అంది నాయనమ్మ.

“దించెయ్యి అమ్మా. ముప్పావుగంటే కదా.”

ఆవిడ కాలు దించింది. ఎర్రటి తొట్టె ఎవర్నో ఎక్కించుకుని పైకెళ్ళిపోయింది. ఆరుగురూ పక్కకి తప్పుకుని, ఎవరికీ అడ్డం రాకుండా ఒక గోడ వారన ముప్పావుగంట నిఖార్సుగా నిలబడ్డారు. మూడు కొట్టగానే గవర్రాజు తల ఎగరేసుకుంటూ గొలుసు దగ్గరికెళ్ళాడు.

“అయిపోయిందండి. నిమిషం తగ్గలేదు.”

“చివరికెళ్ళండి” అని వెనకనుంచి నాలుగు వందల గొంతులు అరిచాయి.

చివరికెళ్ళారు. ఆ చివర పార్కు గేటు దాకా ఉంది. నిలబడ్డారు, నిలబడ్డారు. ఆరింటికి ఈల మోగింది. చక్రం ఆగింది. వాళ్ళ ముందు పదకొండు మంది మిగిలారు.

నాయనమ్మ ఆగిన చక్రాన్ని కాసేపు చూసి, “దీని ఇరుసు బాగానే ఉందిరా. ఈసారి విరగలేదు” అంది మెల్లగా.

అందరూ తలలు వేలాడేసుకుని బయటికి నడిచారు. గవర్రాజు పల్చబడ్డ జేబు తడుముకున్నాడు. పద్నాలుగు నెలల పిండి! సరిగ్గా అప్పుడే మంగతాయారు తలెత్తి బోర్డు చదివింది.

“ధన్యవాదాలు. మళ్ళీ రండి.”

ఆరుగురూ ఠక్కున ఆగిపోయారు.

“రమ్మంటున్నారు” అంది వరహాలు.

“ఎంత మర్యాదస్తులో చూడు బావా! మన ఇంటికొచ్చినవాళ్ళకి మనం ఒక్కసారైనా ఇలా రాసి పెట్టామా?” అన్నాడు కోటిలింగం.

“పిలిచినప్పుడు వెళ్ళకపోతే బాగుండదు” అని తేల్చాడు భీమరాజు.

అంతే, ఎదురుగా ఉన్న బస్సు షెల్టరులో తెచ్చుకున్న పెద్ద దుప్పటి పరుచుకుని పడుకున్నారు. పొద్దున్న పదింటికి గేటు తెరిచేసరికి అందరికన్నా ముందు వాళ్ళే ఉన్నారు. ఆ రోజు సెలవులకి ఆఖరు రోజు. జనం సర్దుకుని ఊళ్ళకి పోతున్నారు. లోపల చక్రం ఖాళీగా తిరుగుతోంది.

గవర్రాజు జేబులు దులిపాడు. పద్దెనిమిది వేల నాలుగు వందల్లో రెండు బస్సుల టికెట్లూ, కాటా, పార్కూ, భోజనాలూ, పొద్దున్న టీలూ పోగా మిగిలింది పదిహేడు వందల డెబ్భై. టికెట్ పదిహేను వందల యాభై.

“ఒక్కటే వస్తుంది” అన్నాడు.

నిన్నటి గార్డే గేటు దగ్గరున్నాడు. వాళ్ళని చూసి ముందు ఉలిక్కిపడ్డాడు. తర్వాత ముసలావిడ మోకాళ్ళు చూశాడు. అతనికి జాలేసింది.

“ఒక్క టికెట్ కొని అవ్వని పంపండి. నేను దగ్గరుండి తీసుకెళ్తాను. జనం లేరు. పావుగంటలో ఎక్కించి తీసుకొస్తాను.”

నాయనమ్మ మొహం వెలిగిపోయింది. లేచి నిలబడింది కూడా.

గవర్రాజు గార్డుని జాలిగా చూశాడు. ఇంత తేలిక పరిష్కారాలు చెప్పేవాళ్ళంటే అతనికెప్పుడూ జాలే. “పదిహేను వందల యాభై పెట్టి ఒక్కరా? మిగతా అయిదుగురి నష్టం ఎవరు భరిస్తారండీ?” అని కౌంటర్ దగ్గరికి వెళ్ళాడు.

“ఒక టికెట్‌కి ఎంతమందమ్మా?”

“ఒక టికెట్‌కి ఒక మనిషే సార్” అంది కౌంటర్‌లోని అమ్మాయి.

గవర్రాజు బుర్రలో దీపం వెలిగింది. గిర్రున గార్డు వైపు తిరిగాడు. “నిన్న తమరేమన్నారు? ఆరుగురూ ఒక్క మనిషిలా నడవమన్నారా లేదా?”

“అన్నాను. అదీ…”

“నిన్న జనం తొక్కిడిలో పాటించలేకపోయాం. క్షమించండి. ఇవాళ పాటిస్తాం.”

ఇంకేముంది! భీమరాజు సంచీకి కట్టిన నైలాను తాడు విప్పాడు. వరహాలు దుప్పటి దులిపింది. ఆరుగురూ ఒకరి వెనక ఒకరు అతుక్కుని నిలబడ్డారు. నడుముల చుట్టూ తాడు ఏడు చుట్లు తిప్పి కోటిలింగం ముడేశాడు. పైనుంచి దుప్పటి కప్పారు. దుప్పటికున్న చిరుగులోంచి గవర్రాజు తల ఒక్కటే బయటికొచ్చింది. మనిషన్నాక ఒక తలే ఉండాలి కదా!

“ఒరే, నాకేం కనపడ్డం లేదురా” అని దుప్పటిలోంచి నాయనమ్మ గొంతు వినపడింది. “రాట్నం ఎక్కాక అయినా కనపడుతుందా?”

“నాకు కనపడితే నీకు కనపడ్డట్టే నాయనమ్మా. మనం ఒక్కళ్ళమే ఇప్పుడు. పైకెళ్ళాక ఏం కనపడుతోందో నేను చెబుతాను.”

“మన గేటు రంగు చూడ్డం మర్చిపోకు.”

“మరి ఇంటికెలా వెళ్తామురా?” అంది వరహాలు గొంతు.

“ఒక్క మనిషికి బస్సు టికెట్ ఒక్కటే కదమ్మా. అది తర్వాత లెక్క.”

గార్డు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. గవర్రాజు కొన్న ఒక్క టికెట్‌నీ పళ్ళతో కరుచుకున్నాడు, చేతులు తాడు లోపల ఉండిపోయాయి మరి. శుభమా అని మొదలుపెడుతున్నాం, కుడికాలే ముందు పెట్టాలన్నాడు భీమరాజు వెనకనుంచి.

“ఒకటి… రెండు…” అని గవర్రాజు పళ్ళ సందులోంచి లెక్కపెట్టాడు. దుప్పటి కింద ఆరు కుడికాళ్ళూ ఒక్కసారిగా పైకి లేచాయి.